గంజి తాగిన పిస్తోలు

ఓర్వలేనితనానికి మందు లేదు. కడుపునొస్తే వాము నములుతం, తల నొస్తే సొంటి రాసుకుంటం. పక్కోడు పైకొస్తుంటె లోపల మండే మంటకు ఏం రాయాలె? సోలాపురం సాఖర్‌పేటల నర్సప్ప దానికి గంజి రాసిండు. తన కడుపుకు కాదు, పరాయోళ్ల పిస్తోలుకు. నమ్మరా? ఇనుండ్రి మరి.

యాభై ఆరో సంవత్సరం ముచ్చట ఇది. నర్సప్పది మగ్గం బతుకు. తాత కాలంల కరీంనగరం దిక్కు నుంచి వచ్చిన ఇల్లు. పొద్దున మిల్లు భోంగా మొత్తుకోంగనే మగ్గం గుంతల కాళ్లు పెడితే మళ్ల దీపాలు పెట్టే యాళ్లకే బయటికి. పెండ్లాం ద్రౌపది వాకిట్ల చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చుట్టేది, నడుమ నడుమ లేచి పడుగుకు పట్టిచ్చే గంజి కాచేది. నూలుపోగు తెగకుండ గట్టిగ నిలవాలంటె గంజే దానికి పాణం. పిల్లాజెల్లా లేరు.

ఏడాదికి ఒక్కనాడు మాత్రం నర్సప్ప రాజు. నూలు పున్నమకు మార్కండేయుని రథం ఎల్తది గదా, దానికి ముందటి దినం పేట నాటక మండలి ఆట. ఆ ఆటల నాయకుని యేషం ఆరేండ్ల సంది నర్సప్పదే. పౌడరు కొట్టుకొని, మీసం తిప్పి నిలబడితే సొంత పెండ్లామే ‘ఎవలీయన’ అన్నట్టు చూసేది. ఆ ఒక్క సూపు కోసం ఏడాది పొడుగునా మగ్గం తొక్కచ్చు అనిపిచ్చేది నర్సప్పకు.

ఆట నైజాం సర్హద్దు మీది కథ, మండలి పెద్ద సిద్రాం మాస్తరు రాసిండు. ఆఖరి అంకంల నాయకుడు జాగీర్దారు మనిషిని పిస్తోలుతోని కాలుస్తడు. ఎంటనే అదే పిస్తోలు మూతి తన గుండెకు ఆనిచ్చుకొని, “ఊరిని ఇడిచి పారిపోతే ఈ గుండె నాది గాదమ్మా” అని తల్లి ముందట ఒట్టు పెడతడు. పరదా పడతది. ఆడోళ్లు ముక్కులు చీదుతరు.

అంత మంచిగనే ఉండె, పిస్తోలే సక్కగ లేకుండె. మూడేండ్ల కింద డబ్బారేకు పిస్తోలుకు పిల్లలు పేల్చే మందు టిక్లీ పెట్టి కొట్టిండు. పేను కుక్కినట్టు ‘టిక్’ మన్నది. “నర్సప్పా, ఇంకోటి కుక్కు, నెత్తి నిండ ఉన్నయి!” అని వెనక బెంచీ నుంచి ఒకడు కూత పెట్టిండు. ఆ మర్సటేడు కట్టె పిస్తోలు, పరదా వెనక టపాకా. నర్సప్ప ఇంక నడుముల నుంచి తియ్యనే లేదు, టపాకా పేలింది, జాగీర్దారు మనిషి ఎవలు కాల్చకుండనే పడి సచ్చిండు. పోయినేడు అక్కల్‌కోట దిక్కు నుంచి ఎవలో నాటు పిస్తోలు తెచ్చిన్రు. గుంజితే మీటనే ఊడి చేతిలకొచ్చింది. జాగీర్దారు మనిషి ఎంతసేపని చూస్తడు పాపం, చూసి చూసి తన గుండె తనే పట్టుకొని ఒరిగిపోయిండు. హాలు హాలంత నవ్వు. నర్సప్ప తల్లి ముందట ఒట్టు పెడుతుంటె సుత నవ్వుతనే ఉన్నరు. ఆ నవ్వుల ద్రౌపది సుత ఉన్నది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది గాని, కొంగు ఊగుడు నర్సప్పకు కనవడ్డది.

ఈసారి సిద్రాం మాస్తరు మీటింగు పెట్టి కుండబద్దలు కొట్టినట్టు చెప్పిండు. “ఇగ నవ్వులపాలు అయ్యేది లేదు. పదిసార్లు గుంజితే పదిసార్లు పేలే పిస్తోలు ఎవడు తెస్తే వానిదే నాయకుని యేషం.”

“నేను తెస్త,” అన్నడు నర్సప్ప.

“నేను సుత చూస్త మాస్తరూ,” అని మూలకెల్లి ఇంకో గొంతు. ఆ గొంతు అంబాదాసుది.

ఈ అంబాదాసు ఎవలనుకున్నరు? మూడేండ్ల కింద సిరిసిల్ల దిక్కు నుంచి ఒట్టి చేతులూపుకుంట వచ్చిన పిలగాడు. నర్సప్పనే పక్కన కూసోబెట్టుకొని తెగిన పోగు అతుకుడు కాడికెల్లి నేర్పిండు. ద్రౌపది ఆర్నెల్లు అన్నం పెట్టింది. ఇప్పుడు వాడు నేసిన చీర అంచు చూసి సేట్లు “వా రే వా” అంటున్నరు. పాట పాడితే పక్క కారఖానల మగ్గాలు ఆగుతున్నయి. ఏకై వచ్చి మేకైండు అంటె ఇదే. పోనీ మిడిసిపడతడా అంటె అదీ లేదు, “అన్నా, అన్నా” అనుకుంట కాళ్లల్ల తిరుగుతడు. చెడ్డోడైతె తిట్టుకోనన్న తిట్టుకుందుము. మంచోని మీద ఓర్వలేనితనం ఉన్నదే, అది మింగరాదు, కక్కరాదు.

అన్నిటికంటె నర్సప్పను కోసింది ఒక్కటే. వాడు వాకిట్ల నిలబడి ఏదన్న పరాచికం ఆడితే ద్రౌపది బీడీ చుట్టుడు ఆపి నవ్వేది. ద్రౌపది నవ్వితే ఎట్లుంటదో నర్సప్పకు వాడు వచ్చినంకనే యాదికొచ్చింది.

ఇగ చూడు నర్సప్ప తిరుగుడు! ఇరవై దినాలు మగ్గం మూలకు వడ్డది. ఒక బడి డ్రిల్లు మాస్తరు కాళ్లు పట్టుకొని పరుగుపందాల పిస్తోలు తెచ్చిండు. మూడుసార్లకు ఒకసారి ‘ఫట్’ మంటది, రెండుసార్లు పడిశం పట్టిన ముసలోని లెక్క ‘ఖస్’ మంటది. ఊరి బయట దిగిన సర్కసోళ్ల కాడికి పోయిండు. వాళ్లది పేలింది గాని రెండోసారికి గుండ్ల గిరక తిరగకుండ బిగుసుకున్నది. హోట్గి దిక్కు ఒక పాత హవల్దారు తన పిస్తోలు పెట్టెల నుంచి తీస్తే, తుప్పుకు మీట సుత కదలలేదు. తిరిగి తిరిగి కాళ్లకు పొక్కులు లేచి ఇంటికొస్తే, వాకిట్ల నవ్వులు.

అంబాదాసు ఎగిరి దుంకుతున్నడు. “అన్నా, దొరికింది! మిల్లు జమేదారు మల్లప్ప కాక ఇస్తనన్నడు!”

మల్లప్ప బర్మా లడాయి చూసొచ్చిన సిపాయి, ఇప్పుడు మిల్లు ద్వారం కాడ కావలి. అంబాదాసు మిల్లుకు పోయేటప్పుడల్ల ఆయనకు రెండు పాటలు పాడి ఇనిపిచ్చేటోడట. ఆ పాటలకే ముసలోడు కరిగి, లైసెన్సున్న ఆరు గుండ్ల పిస్తోలు బయటికి తీసిండు. నర్సప్ప ఇరవై దినాలు కాళ్లరగ తిరిగితే దొరకనిది, వానికి రెండు పాటలకు దొరికింది. కండ్లల్ల నిప్పులు పోసుకున్నట్టు అయ్యింది నర్సప్పకు.

మల్లప్ప ఇంటి వెనక అందరి ముందట పరీక్ష పెట్టిన్రు. తూటాల సీసం తీసేసి, మందు మీద దూది కుక్కి, మైనంతోని మూసిండు ముసలోడు. పదిసార్లు గుంజిండు, పదిసార్లు ‘ధాం’. నాటకమోళ్లు చప్పట్లు కొట్టిన్రు. సిద్రాం మాస్తరు అంబాదాసు భుజం మీద చెయ్యేసిండు. యేషం ఎవలదో ఎవలు నోటితోని చెప్పకుండనే తేలిపోయింది.

“దేఖో,” అన్నడు మల్లప్ప. “సీసం లేదని పిల్లలాట అనుకోవద్దు. జానెడు దూరంల పెట్టి కాలిస్తే దూదే మనిషి పాణం తీస్తది. ఒక్క తూటానే ఇస్త. రోజూ ఎండు బట్టతోని తుడిచి, చుక్క నూనె వెయ్యాలె, ఇంకేం తగలొద్దు. ఆట దాక పోరగాండ్ల చేతికి ఇయ్య. గీ నర్సప్ప పెద్దమనిషి, నెమ్మదస్తుడు. గాయన ఇంట్ల సందుక పెట్టెలనే ఉండాలె.”

పుండు మీద కారం అంటె ఇదిగాక ఇంకేంది? నాయకుడు వాడు, నాయకుని పిస్తోలుకు కావలి తను. తల ఊపి ఇంటికి తెచ్చుకున్నడు నర్సప్ప.

ఆట దినం వచ్చింది. హాలు మాపటికి మరాఠీ కంపెనీకి ఇచ్చిన్రని మనోళ్ల ఆట పగటి మూడు గంటలకే పెట్టుకున్నరు. పొద్దున ద్రౌపది గంజి కాచి, చల్లారవెట్టి, వక్కపొడి కొనక్కరానికి పోయింది. నర్సప్ప సందుక తీసి పిస్తోలు తుడుస్తున్నడు. పక్కన గంజి కుండ, మీద మీగడ కట్టి ఉన్నది. ఆ కుండను చూసిండు, పిస్తోలును చూసిండు. గోడవతల నుంచి అంబాదాసు తన మాటలు, అవును తన మాటలే, వల్లె వేసుడు ఇనవడుతున్నది. “ఈ గుండె నాది గాదమ్మా...” ఆ అమ్మా అనే కాడ వాడు గొంతు దించుతున్నడు. ఆరేండ్లల నర్సప్పకు ఎన్నడూ తోచని సొగసు అది.

‘పేలకుంటె ఏమైతది? నన్ను నవ్విన్రు, వాన్ని నవ్వుతరు. గంతే గదా,’ అనుకున్నడు.

పడుగు మీద గంజి పట్టిచ్చే కుంచె తీసి ముంచిండు. పిస్తోలు వెనక పైకి లేచి పడే ఇనుపముక్క ఉంటది, దాన్ని ఘోడా అంటరు. ఆ సందుల రెండు చుక్కలు కార్చి గోడ మీద ఎండకు పెట్టిండు. ఆరినంక తూటా లేకుండ గుంజి చూసిండు. ఘోడా సగం దాక వచ్చి, కునికినోని లెక్క అక్కడనే ఆగింది. బొటనవేలుతోని నొక్కితే గాని పడలేదు. పోగును పట్టినట్టే పట్టింది గంజి. శాబాస్! మీద నూనెబట్టతోని తుడిచి సందుకల పెట్టేసరికి ద్రౌపది రానే వచ్చింది.

“గంజి మీగడ ఎవలు చీరిన్రు?” అన్నది కుండల చూసి.

“పిల్లి గావచ్చు,” అన్నడు నర్సప్ప.

“పిల్లి మజ్జిగల మూతి పెడతది గాని గంజిల పెడతదా?” అని గొణుక్కుంట ఆమె పనిల పడ్డది.

మూడు గంటలకు రేకుల హాలు కిక్కిరిసింది. మల్లప్పకు మిల్లుల కావలి పాళీ ఉండె, రాలేకపోయిండు. అంబాదాసు ఉరుక్కుంట వచ్చిండు, మోచేతుల దాక తెల్లగ గంజి మరకలు. “పడుగు సగం పట్టిచ్చి ఇడిస్తే పాడైతదన్నా, అయ్యేదాక లేవలేదు,” అనుకుంట, చేతులు కడుగకముందే నర్సప్ప చేతిల నుంచి పిస్తోలు తీసుకొని అటిటు తిప్పి, నడుముల పెట్టుడు తీసుడు నేర్చుకొని, మళ్ల ఇచ్చి మొకానికి రంగు పూసుకునేటందుకు పోయిండు. నర్సప్ప తూటా నింపిండు. పరదా లేచింది.

ఆట ఎట్ల నడిచిందంటే, ఏం చెప్పాలె! వాడు నడిస్తే చప్పట్లు, పాడితే “వన్స్ మోర్.” నర్సప్ప స్టేజీ పక్క తెర చాటున నిలబడి పండ్లు కొరుక్కుంట, ఆఖరి అంకం ఎప్పుడొస్తదా అని ఎదురుచూసిండు. నడుమ ఒకసారి ఆడోళ్ల బెంచీల దిక్కు చూసిండు. ద్రౌపది రెప్పెయ్యకుండ స్టేజీనే చూస్తున్నది. ఆ సూపు ఎరికే. ‘ఎవలీయన’ అనే సూపు. తనది అనుకున్న సూపు.

ఆఖరి అంకం వచ్చింది. అంబాదాసు పిస్తోలు తీసిండు, ఘోడా లేపిండు, మీట గుంజిండు.

ఏం లేదు. చప్పుడే లేదు.

ఒకడు కిసుక్కున నవ్విండు. ఇద్దరు నవ్విన్రు. నర్సప్ప కడుపుల చల్లటి మజ్జిగ పోసినట్టయ్యింది. నవ్వుండ్రి, ఇంక నవ్వుండ్రి!

అంబాదాసు ఒక్క చిటికెసేపు పిస్తోలు దిక్కు చూసిండు. మళ్ల జాగీర్దారు మనిషి దిక్కు చూసి, తాపీగ అన్నడు: “ఎంత పాపిష్టోనివిరా నువ్వు! నిన్ను తాకుడంటె నా పిస్తోలుకు సుత రోత పుట్టింది. దీనికెందుకురా నీ మైల? నీకు నా చెయ్యి సాలు!” అని గల్లా పట్టి గిర్రున తిప్పి స్టేజీ కింద పడేటట్టు నూకిండు. హాలు లేచి నిలబడ్డది. టోపీలు ఎగిరినయి. చప్పట్లు, ఈలలు, రేకులు అదిరినయి. పిస్తోలు పేలితే సుత అంత చప్పుడు కాకపోవు.

నర్సప్ప గోడకు చేరగిలవడ్డడు. ‘నేను తీసిన బొందల వాడు పడలేదు. దాని గట్టున నిలబడి ఇంక పొడుగైండు.’ ఏడుపొచ్చింది నిజంగ. ఆ పిలగాని మీద కోపం, తన మీద కోపం, చప్పట్లు కొట్టే ప్రతి చెయ్యి మీద కోపం.

అగో, అప్పుడు రేకుల మీద చినుకులు పడ్డయి. శ్రావణమాసం ముసురు. తడి గాలి తెరల సందుల నుంచి లోపలికొచ్చి చెంపలకు తగిలింది. నేత సాలోని కడుపుల పుట్టినోడికి ఆ గాలి తగిలితే మొట్టమొదట యాదికొచ్చేది ఏంది? ఇంట్ల పడుగు మెత్తవడతదని. ఎండకు గట్టివడ్డ గంజి ముసురుకు జారతదని. ఈ ముచ్చట తొట్టెల పిల్లకు సుత ఎరికే.

నర్సప్ప గిర్రున స్టేజీ దిక్కు తిరిగిండు. మీట గుంజే ఉన్నది. ఘోడా సగంల ఆగి ఉన్నది, దాన్ని పట్టుకున్నది రెండు చుక్కల గంజి. చెమట పట్టిన చెయ్యి, పైన తడి గాలి. తూటా లోపలనే ఉన్నది.

స్టేజీ మీద అంబాదాసు తల్లి యేషం ముందట మోకాళ్ల మీద కూసున్నడు. పిస్తోలు మూతి ఎడమ రొమ్ముకు ఆనిచ్చుకున్నడు. అంత సక్కగ జరిగితే అప్పటికి తూటా పేలి ఉంటది, ఒట్టి ఇనుము. ఇయ్యాల కాదు.

“ఊరిని ఇడిచి పారిపోతే...”

నర్సప్ప ఎట్ల ఉరికిండో ఆయనకే తెల్వదు. పంచె కాళ్లకు తట్టుకొని పడుకుంట లేసుకుంట పోయి, కుడి అరచెయ్యి మూతికి అడ్డం పెట్టి పిస్తోలును పక్కకు గుంజిండు. గుంజుడుతోని ‘ధాం’ మన్నది.

ఊరు ఊరంత ఏమన్నదో మీకు చెప్పాల్నా? “నర్సప్ప దేవుడు! పాణం అడ్డం పెట్టి పిలగాన్ని కాపాడిండు!” అరచెయ్యి కాలి, తోలు లేచి, రెండు వేండ్లు చీలినయి. దవాఖాన దాక భుజాల మీద మోసుకపోయిన్రు. మర్సటి దినం రథం ముందట ఆపి పూలదండ ఏసిన్రు. ఆరేండ్లు నాయకుని యేషం కట్టినా అంత పెద్ద దండ పడలేదు మెడల. మొదటి దినం నర్సప్పకు లోపల లోపల కొంచెం తియ్యగనే ఉండె, అబద్ధమెందుకు. రెండో దినానికి ఆ దండ వాడి, వాసన కొట్టింది.

ద్రౌపది మాత్రం ఏం అనలేదు. కంచంల అన్నం కలిపి పెట్టి, చెంచా పక్కన పెట్టి, లేచి పోయేది. నర్సప్ప ఎడమ చేతితోని సగం కింద పోసుకుంట తినేటోడు. సందుకల నూనెబట్ట మీద ఎండిన గంజి మరక ఆమె ఆనాడే చూసింది. ఆ బట్ట ఉతికి, మడిచి, నర్సప్ప దిండు కింద పెట్టింది. ఇగ చెప్పేదేముంది? దొంగకు తేలు కుట్టినట్టు, నర్సప్ప దాన్ని ఇంక లోపలికి తోసి మీద తల పెట్టుకున్నడు.

దాని మీద అంబాదాసు. వాడు తన మగ్గం పని ఒడవంగనే ఉరికొచ్చి నర్సప్ప మగ్గం గుంతల కూసునేటోడు. “నీ చెయ్యి మానేదాక నీ చీరలు నేను నేస్తన్నా. నువ్వు పాణమిస్తే నేను నాలుగు గజాలు నెయ్యలేనా?” మంచం మీద పండుకొని నర్సప్ప ఆ చప్పుడు ఇనేటోడు. ఒక్క తప్పు దెబ్బ లేదు. తన మగ్గమే, తన కింద ఎన్నడూ అంత సాఫుగ నడవలేదు. కట్టు కట్టిన చెయ్యి గుండె మీద పెట్టుకొని, ‘నా మగ్గం సుత వాని చెయ్యినే మెచ్చింది,’ అని కుమిలిపోయేటోడు. చూసిన్రా, అంత జరిగినా బుద్ధి రాలేదు మనిషికి.

ఇరవై ఒకటో దినం, ఆదివారం, మల్లప్ప జమేదారు సిద్రాం మాస్తరును ఎంటవెట్టుకొని ఇంటికొచ్చిండు. నవ్వు లేదు మొకంల. కాయితం పొట్లం ఇప్పి మంచం మీద పెట్టిండు. అండ్ల తెల్లగ, పల్చగ నాలుగు పెళ్లలు.

“పిస్తోలు ఇప్పితే ఘోడా సందుల దొరికింది,” అన్నడు. “బర్మాల బురదల పండుకున్నం, ఇది ఎన్నడూ మొరాయించలేదు. ఏందిది?”

మాస్తరు ఒక పెళ్ల మీద నీళ్ల చుక్క ఏసి వేలుతోని రాసిండు. మెత్తగ జిగురైంది. వాసన చూసిండు. చూడనక్కరలేదు, ఆ ఇంట్ల ఉన్న నలుగురు సాలోళ్లకు ఏందో దూరం నుంచే తెలిసింది.

“గంజి,” అన్నడు మాస్తరు. “పిస్తోలుల గంజి ఎట్లొచ్చె?”

మగ్గం ఆగింది. ద్రౌపది చేతుల్ల బీడీ ఆగింది.

అంబాదాసు గుంతల నుంచి లేచి, చేతులు కట్టుకొని నిలబడ్డడు. “నాదే తప్పు కాకా,” అన్నడు. “ఆనాడు పడుగుకు గంజి పట్టిచ్చి సక్కగ ఉరికొచ్చిన. చేతులు కడుగకుండనే పిస్తోలు పట్టుకొని తిప్పిన. నా చేతుల గంజే కారింది. నా తొందరకు నా పాణం పోయేది, అన్న చెయ్యి పోయింది.”

“బుద్ధి లేదారా నీకు?” అని మల్లప్ప గుడ్లెర్ర చేసిండు. “ఇగ నా పిస్తోలు మీకు లేదు.”

మాస్తరు అన్నడు. “గిసొంటి తొందర మనిషికి యేషం ఇయ్యరాదు. వచ్చేడు సంది నాయకుడు మళ్ల నర్సప్పనే.” అని, అంబాదాసు దిక్కు తిరిగి గొంతు మెత్తగ చేసిండు. “అయితే ఒక మాట. ఎవలు అడగకముందే తప్పు ఒప్పుకున్నవు సూడు, అది మామూలు మనిషి తోని కాదురా. నువ్వు నాయకునివే.”

మల్లప్ప సుత మెత్తవడ్డడు. “సచ్ బాత్,” అని పిలగాని వీపు తట్టిండు.

నర్సప్పకు అన్నీ మళ్లొచ్చినయి. యేషం వచ్చింది, పేరు వచ్చింది, పోటీ పోయింది. నోరు మూసుకుంటె సాలు. కాని ద్రౌపది దిక్కు చూసిండు, అదే తప్పాయె. ద్రౌపది అంబాదాసును చూస్తున్నది. కండ్ల నిండ నీళ్లు, కొడుకును చూసినట్టు, దేవుని చూసినట్టు చూస్తున్నది. తనను ఒక్కనాడు సుత అట్ల చూడలేదు. పౌడరు కొట్టుకున్ననాడు సుత చూడలేదు.

‘పని వానిదాయె. పాట వానిదాయె. నా మగ్గం వాని మాట ఇంటున్నది. ఆఖరికి నేను చేసిన తప్పు సుత వాడే ఎత్తుకపోయి, దాని మీద సుత మెప్పు కొట్టేస్తున్నడు!’ నర్సప్పకు నరనరం మండింది. మంచం మీదికెల్లి లేచిండు.

“ఇడిచిపెట్టురా!” అని ఒర్లిండు. “అన్నీ నీకేనారా? గదన్న నాకు ఇడిచిపెట్టు! ఆ తప్పు నాది!”

ఎవలకు ఏం సమజు కాలేదు. “ఏందన్నా నువ్వనేది?” అన్నడు అంబాదాసు.

“గంజి నీ చేతులది కాదు. నేను పోసిన. కుంచెతోని ముంచి, ఘోడా సందుల రెండు చుక్కలు పోసి, ఎండకు పెట్టిన. నిన్ను మంది నవ్వాలని పోసిన. నువ్వు సావాలని పొయ్యలేదు, మార్కండేయుని మీద ఒట్టు. కాని పోసింది నేను.”

“ఎందుకన్నా?” ఆ పిలగాడు అడిగిన తీరు ఇంటె రాయి సుత కరిగేది.

“నిన్ను సూడలేకరా. ఓర్వలేక. ఇంకేం లేదు.”

అంబాదాసు ఆయన కట్టు కట్టిన చెయ్యి దిక్కు చూసిండు, మొకం దిక్కు చూసిండు. చిలుకకొయ్యకు ఉన్న అంగీ తీసుకొని, చెప్పులేసుకొని ఎల్లిపోయిండు. మల్లప్ప పొట్లం మడిచి జేబుల పెట్టుకున్నడు. మాస్తరు గడప దిగిపోయిండు. మగ్గం మీద సగం నేసిన చీర అట్లనే ఉన్నది. రేపటికి పేటంత తెలుస్తది. వేసిన దండ మనసుల్ల వాపసు తీసుకుంటరు. యేషం ఇగ ఈ జన్మల రాదు. అన్నీ తెలిసే ఉన్నయి నర్సప్పకు.

తలెత్తి చూసిండు. ద్రౌపది వాకిట్లనే నిలబడి ఆయననే చూస్తున్నది. మీసం పనికిరాకుండ పెరిగి, అంగీ మీద అన్నం మరకలతోని, మూడు వారాల మడ్డి మొకం. ఆ మొకాన్ని ఆమె ‘ఎవలీయన’ అన్నట్టు చూసింది.

లోపలికి పోయి కంచంల అన్నం, పచ్చిపులుసు కలుపుకొచ్చింది. చెంచా తేలేదు. మంచం ముందట కూసొని ముద్ద చేసి నోటికందిచ్చింది.

“నోరు తెరువు,” అన్నది.